ఒలిండా తోటకు నేను పెట్టిన నీళ్ళు

ఒలిండా ఆంటీ పోయిందని నాగమణి ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు మొదట దుఃఖం రాలేదు. ఈ కబురు నాగమణి నోటి నుంచి వినాల్సి వచ్చిందే అని కడుపులో మంట లేచింది. దుఃఖం తర్వాత వచ్చింది, సాయంత్రం గిన్నెలు తోముతుంటే, నెమ్మదిగా. చదివేవాళ్ళు నన్ను మంచిదాన్ననుకుని మోసపోకూడదని ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఒలిండా ఆంటీ నాకు చుట్టం కాదు. ఆలివర్ అనే చిన్న ఊళ్ళో పన్నెండెకరాల ద్రాక్షతోట ఉన్న పోర్చుగీసు ముసలావిడ. కెనడాకి స్టూడెంట్ వీసా మీద వచ్చిన కొత్తలో నేనూ నాగమణీ ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండి, ఆవిడ తోటలోనే పని చేశాం. ఆ తర్వాత నేను బర్నబీ వచ్చేశాను, నాగమణి అక్కడే ఉండిపోయింది. ఇది పన్నెండేళ్ళ కిందటి మాట. ఇప్పుడా తోట నడిపేది నాగమణే. కబురు ముందుగా తనకి కాక నాకు తెలుస్తుందా? అయినా మంట మంటే.

ఆఫీసుకి సెలవు పెట్టి ఒక్కదాన్నే బయల్దేరాను. "హూ ఈజ్ ఒలిండా?" అని నా కూతురు అడిగితే, మా ఓనరమ్మ అన్నాను. అంతకంటే చెప్పాలంటే చాలా చెప్పాలి. బర్నబీ నుంచి అయిదు గంటల డ్రైవ్. హోప్ దాటి కొండలెక్కేదాకా అంతా తడి. చెట్ల మొదళ్ళకి నాచు, రోడ్డు మీద మంచు తెర, వైపర్లు ఆగకుండా ఆడుతూనే ఉంటాయి. ప్రిన్స్‌టన్ దాటాక చెట్లు పలచబడతాయి. హెడ్లీ దగ్గరికి వచ్చేసరికి కొండలకి బట్టతల వస్తుంది. కెరిమియోస్‌లో పచ్చదనమంతా నది పక్కన పళ్ళతోటల్లోనే ఉంటుంది, మిగతాదంతా రాయి, ఎండుగడ్డి, మోకాలెత్తు బూడిదరంగు పొదలు. కారు అద్దం దించితే ఆ పొదల వాసన లోపలికొచ్చింది. వినాయకచవితి పత్రిలో మాచిపత్రి ఉంటుంది చూడండి, సరిగ్గా ఆ వాసన. ఇక్కడివాళ్ళు సేజ్ బ్రష్ అంటారు. దానిది మాచిపత్రి వాసన అని మొదట కనిపెట్టింది కూడా నాగమణే. ఏటా మా నాన్న పక్కన కూర్చుని పత్రి అందించిన దాన్ని నేను, నాకు తట్టలేదు.

మాది రేపల్లె పక్కన పల్లె, కృష్ణా కాలవల చివర. మా ఇంట్లో నీళ్ళ గురించి మాట్లాడుకోవడం నేను వినలేదు. కాలవ వదిలితే తూము ఎత్తుతారు, మడి నిండితే దించుతారు, వ్యవసాయమంటే అంతే అనుకుంటూ పెరిగాను. విజయవాడలో ఆరేళ్ళు ఉద్యోగం చేసి, ఇరవై తొమ్మిదో ఏట, ఇంట్లో ఎవరికీ ఇష్టం లేకుండా హాస్పిటాలిటీ డిప్లొమాకి అప్లై చేశాను. కన్సల్టెన్సీ అతను ఆ కాలేజీ వాంకూవర్ పక్కనే అన్నాడు. నేను మ్యాపు చూస్తే ఏం పోయేది? చూడలేదు. ఆ రోజుల్లో మనవాళ్ళు తండోపతండాలుగా వస్తున్నారు. ఎవరు ఏ ఊరికి వెళుతున్నారో ఎయిర్‌పోర్టులో దిగేదాకా వాళ్ళకే తెలియదు. వాంకూవర్‌లో బస్సెక్కి, పక్కనే కదా అని నిద్రపోకుండా కూర్చుని, అయిదు గంటల తర్వాత ఆ ఎండిపోయిన లోయలో దిగేసరికి నాకు ఏడుపొచ్చింది. కెనడా అంటే మంచూ అడవులూ అనుకుని వస్తే, మా మేనమామ ఎప్పుడూ జాలిపడుతూ చెప్పే కరువు సీమలా ఉంది. నా వెనకే బస్సు దిగిన సన్నటి అమ్మాయి మాత్రం బ్యాగు కింద పెట్టి, రోడ్డు పక్క మట్టి గుప్పెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. "అక్కా, అచ్చం మా తాడిపత్రి మాదిరే ఉండాది" అంది. దానికి ఇరవై రెండేళ్ళు. ఇంగ్లీషు అంతంత మాత్రం, డ్రైవింగ్ రాదు, చలికోటు కూడా సరైంది లేదు. వచ్చిన అయిదో నిమిషంలో దానికి సొంత ఊరు దొరికింది. నాకు దొరకలేదు. అక్కడ మొదలైంది నా కుళ్ళు.

బేస్‌మెంట్ ఒలిండా ఆంటీది. ఎనభైకి దగ్గరపడిన మనిషి, పొట్టి, నడుముకి ఎప్పుడూ ఒక నల్ల ఏప్రన్. భర్త పోయి చాలా ఏళ్ళయింది, ఒక్కతే కూతురు కాల్గరీలో ఉండేది. ఆవిడ వంటింట్లోంచి మెట్ల మీదుగా మాకు వాసనలే గడియారం. వెల్లుల్లి కమ్మటి వాసన వస్తే ఉదయం పని అయిపోయినట్టు, ఆవిడ సూపు కాస్తున్నట్టు. గురువారం సాయంత్రం ఉప్పుచేప వాసన. బల్ల చెక్కలా ఉండే ఎండుచేపని నీళ్ళలో వేసి, పూటకోసారి నీళ్ళు మార్చి, శనివారం దాకా నానబెట్టేది. నాగమణి దుప్పటి ముక్కు దాకా లాక్కుని "అవ్వ మళ్ళా ఏందో చచ్చినదాన్ని నీళ్ళలో ఏసింది" అనేది. నాకు మాత్రం ఆ వాసనకి మా నిజాంపట్నం రేవు కళ్ళ ముందుకొచ్చేది. ఒకరోజు పైకి వెళ్ళి, మా అమ్మ ఎండుచేపని ఎలా కడుగుతుందో చేత్తో చూపించాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూసి, శనివారం వండాక నాకూ పళ్ళెంలో ఇంత పెట్టింది. అప్పట్నుంచి చేప కడిగే గురువారాలు నావి. ఎదురుగా ఇద్దరం ఆంటీ అనేవాళ్ళం. మాలో మేం మాట్లాడుకున్నప్పుడు నాగమణికి అవ్వ, నాకు మామ్మగారు. ఎవరి మామ్మ ఎక్కువ అని లోలోపల పోటీ.

ఆవిడ అలవాట్లలో నన్ను బాగా బాధపెట్టింది ఒకటి. మేం ద్రాక్ష వరసల్లో అదనపు చిగుళ్ళు తుంచుకుంటూనో తీగలు కట్టుకుంటూనో ముందుకు పోతుంటే, ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని నా వెనకాల నడిచేది. ప్రతి తీగా చూసేది. "మెనీనా" అని పిలిచేది, వాళ్ళ భాషలో పిల్లా అని. పిలిచి, నేను వదిలేసిన చిగురు చూపించేది, ఎందుకు వదిలావని అడిగేది, నవ్వేది, తిట్టేది, మళ్ళీ నాచేతే తుంపించేది. నాగమణి పక్క వరసలో ఉండేది. ఆ వరసలోకి ఆవిడ అడుగైనా పెట్టేది కాదు. ఎనిమిది గంటల పనిలో నాలుగు గంటలు నా తప్పులు వెతకడానికే సరిపోయేది ఆవిడకి. నా మీద ఇంత అనుమానమేమిటి, దాని మీద అంత నమ్మకమేమిటి అని నేను పళ్ళు కొరుక్కునేదాన్ని. నాగమణి వాళ్ళకి తాడిపత్రి దగ్గర చీనీతోట, అంటే బత్తాయితోట, ఉందట, పదేళ్ళ వయసు నుంచీ కత్తెర పట్టిందట. మాకూ పొలం ఉంది. కానీ వరి మొక్కకి కత్తెరతో పనేముంది?

ఆదివారాలు తోట పని లేదు. ఒలిండా ఆంటీ తన భర్త వాడిన పాత పికప్ ట్రక్ తాళం నాకిచ్చేది, ఎందుకంటే లైసెన్సు నాకే ఉంది. అలా ఆ లోయంతా తిరిగాం. దక్షిణాన ఓసోయూస్ దాకా వెళితే నేల ఇసకైపోతుంది, చెప్పుల్లోంచి కాళ్ళు కాలతాయి, పక్కనే నీలంగా చెరువు. అక్కడికి కాస్త దూరంలో మచ్చల సరస్సు ఒకటుంది. ఎండాకాలం నీళ్ళు ఇంకిపోయి, ఉప్పు పేరుకుని, గుండ్రటి మడుగులుగా విడిపోతుంది. అక్కడి ఆదివాసులకి పవిత్రమైన చోటు, కంచె ఇవతల నిలబడే చూడాలి. నేను ఫోటో తీస్తుంటే నాగమణి "చౌడు నేల అక్కా, మా పెద్దచేనులో ఒక మూల ఇట్లనే తెల్లగా పూస్తాది" అంది. ఉత్తరాన నారమాటా వెళ్ళాం, చెరువు మీదికి వాలినట్టుండే మట్టి దిబ్బలు, వాటి మీద తోటలు. అక్కడ నేలని చూసి నాగమణి, ఇది గాలికి కొట్టుకొచ్చిన మన్ను, నీళ్ళు నిలవవు అని చెప్పింది. ఒకాయన తన తోట గేటు దగ్గర నిలబడి ఈ మాట విని, నా చేత ఇంగ్లీషులోకి చెప్పించుకుని, ఇద్దరినీ లోపలికి పిలిచి చెర్రీలు పెట్టాడు. హెడ్లీలో కొండ అంచున వేలాడే పాత బంగారు గని కొట్టాలు చూశాం. సమ్మర్‌లాండ్‌లో పాత రైలుబండి చూశాం. కెరిమియోస్‌లో రోడ్డు పొడుగునా పళ్ళ కొట్లు, వెల్లుల్లి జడలు, బుట్టల్లో పీచ్‌లు. ఏ ఊరెళ్ళినా నాగమణి బండి దిగి నేలనీ ఆకునీ పట్టుకునేది, ఎవరో ఒకరు వచ్చి దానితో మాట కలిపేవాళ్ళు. బండి నడిపింది నేను, మాటలు అనువదించింది నేను. లోయ మాత్రం దానితోనే మాట్లాడింది.

ఇంతకీ మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒట్టి మామ్మ ప్రేమే అయితే ఇంత రాయక్కర్లేదు. మా కోర్సు అయిపోవస్తోంది. వర్క్ పర్మిట్ వస్తుంది సరే, పీఆర్, అంటే ఇక్కడే ఉండిపోయే హక్కు, రావాలంటే ఆ ప్రావిన్స్‌లో ఎవరో ఒకరు ఫుల్‌టైమ్ పర్మనెంట్ జాబ్ ఆఫర్ ఇవ్వాలి. మా బ్యాచ్‌లో ప్రతివాళ్ళూ ఆ ఒక్క కాగితం కోసమే కాఫీ షాపుల్లో, గ్యాస్ స్టేషన్లలో మేనేజర్ల మొహాలు చూస్తూ బతుకుతున్నారు. ఆ వసంతంలో ఒలిండా ఆంటీ మమ్మల్ని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, తనకి వయసైపోయిందనీ, తోటకి ఒక సూపర్‌వైజర్ని పెట్టుకుంటాననీ, లెటర్ ఇస్తాననీ చెప్పింది. తోట చిన్నది, ఒక్కరికే ఇవ్వగలను, పంట కోసేలోపు చెబుతాను అంది. ఇద్దరం కిందికి దిగి వచ్చి, ఎవరి మంచం మీద వాళ్ళం కూర్చున్నాం. "నీకే ఇస్తాదిలే అక్కా, నీకు ఇంగ్లీషు వస్తాది" అంది నాగమణి. "నీకే ఇస్తారు, నీకు పని వచ్చు" అన్నాను నేను. రెండూ అబద్ధాలు కావు, రెండూ మనసులోంచి వచ్చినవీ కావు.

జులైలో ఒలిండా ఆంటీ మోటారు షెడ్డు తాళం నాగమణికిచ్చింది. ఆ లోయలో తాళాలన్నింట్లోకీ పెద్ద తాళం అదే. వాన లేని నేల, ఎప్పుడో తవ్విన కాలవ నుంచి వచ్చే నీళ్ళతోనే ఊరంతా బతుకుతుంది. ఏ ముక్కకి ఎన్ని గంటలు డ్రిప్ వదలాలి, ఎప్పుడు కట్టెయ్యాలి అనేదే వ్యవసాయం. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాలవ గట్టున పుట్టిన దాన్ని నేనుండగా నీళ్ళ పెత్తనం అనంతపురం పిల్లకా? నాగమణి ఆ తాళాన్ని నల్లదారానికి కట్టి మెళ్ళో వేసుకుంది. ఆగస్టులో కాయ రంగు తిరిగే వేళకి కింది చెక్కకి, అంటే తోటలో పల్లపు ముక్కకి, నీళ్ళు పూర్తిగా ఆపేసింది. తీగల కొసలు వాలిపోయాయి. మొదళ్ళ దగ్గరి ఆకులు పసుపుపచ్చ తిరిగి రాలుతున్నాయి. నాకు చూస్తుంటే గొంతు ఎండిపోయేది. అడిగితే, "బెట్టకు పెట్టినా అక్కా. మా చీనీచెట్లకి కూడా మా నాయన ఇట్లే నీళ్ళు కట్టేసి వాడబెడ్తాడు, అప్పుడే పూత పడ్తాది. దీనికి ఇప్పుడు నీళ్ళిస్తే కాయ ఉబ్బుతాది, రుచి పోతాది" అంది. నాకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే నమ్మడం ఇష్టం లేకపోయింది. దీనికి నీళ్ళంటే భయం, పొదుపు తప్ప ఇంకోటి తెలియదు, తోటని చంపేస్తోంది అని నన్ను నేను ఒప్పించుకున్నాను. కాపాడేది నేనే కావాలని కూడా ఉంది.

పాస్‌పోర్టు పని మీద నాగమణి వాంకూవర్ వెళ్ళాల్సి వచ్చింది. రెండు రోజులు. బస్సెక్కేముందు దారం తీసి నా చేతిలో పెట్టి, "ఏమీ చెయ్యద్దు అక్కా. ఆకు వాడినా తిప్పద్దు. నేనొచ్చి చూసుకుంటా" అంది. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది, నాకు ఒళ్ళు మండింది. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండగా షెడ్డులోకి వెళ్ళి కింది చెక్క వాల్వ్ పూర్తిగా తిప్పాను. నల్ల గొట్టాల్లోంచి చుక్కలు పడటం మొదలైంది. ఆ ఎండిన మన్ను తడిసి ముదురు రంగు తిరుగుతుంటే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కెనడా వచ్చాక మొదటిసారి నా చేతులకి తెలిసిన పని చేసినట్టనిపించింది. ఒక పూట చాలనుకున్నాను, చాలనిపించలేదు. మర్నాడు కూడా వదిలాను. నాగమణి తిరిగొచ్చే గంట ముందు కట్టేశాను. తీగలు లేచి నిలబడ్డాయి, ఆకులు నవనవలాడాయి. చూశావా అన్నట్టు తాళం తిరిగిచ్చాను. నాగమణి కింది చెక్కలోకి వెళ్ళి, వంగి, తీగల మొదళ్ళ దగ్గరి తడిమన్ను వేళ్ళ మధ్య నలిపి చూసి, తాళం మళ్ళీ మెళ్ళో వేసుకుంది.

పది రోజులకి కాయలు ఉబ్బి, గుత్తుల మధ్య ఒత్తుకుని చిట్లడం మొదలైంది. కందిరీగలు ముసిరాయి. ఆ కాయ కొనే వైనరీ నుంచి వారం వారం ఒక పొడుగాటి మనిషి వచ్చేవాడు, కాయ నమిలి, రసం చుక్క ఒక చిన్న గొట్టంలో వేసి ఎండకి పెట్టి, తీపి ఎంతుందో చూసేవాడు. ఆ వారం మూడు చోట్ల చూసి, తల అడ్డంగా ఆడించాడు. ఈ చెక్క మంచి వైన్‌కి పనికిరాదు, చవక రకంలో కలిపేందుకైతే తీసుకుంటాం అని వెళ్ళిపోయాడు. ఒలిండా ఆంటీ షెడ్డు గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ పిలిచి, నీళ్ళు ఎవరు పెట్టారు అని అడిగింది. గొంతు పెంచలేదు. నేను నోరు తెరిచేలోపు నాగమణి తన వచ్చీరాని ఇంగ్లీషులో, "మై మిస్టేక్ ఆంటీ. టైమర్ రాంగ్ పెట్టినా" అంది. నాకు దారి దొరికింది. ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు, లెటర్ నాకొచ్చేది. కానీ నాగమణి మొహం చూశాను. ఎంత ప్రశాంతంగా ఉందో. నీళ్ళు దానికే, నేల దానికే, ఇప్పుడు మంచితనం కూడా దానికేనా అనిపించింది. అది సహించలేకపోయాను. "కాదు ఆంటీ, నేను తిప్పాను. రెండు రోజులు" అన్నాను. జీవితంలో నేను చెప్పిన గొప్ప నిజం అదే, అది కూడా కుళ్ళుతోనే చెప్పాను.

ఆవిడ నాగమణిని ఇంటికి పొమ్మని, నన్ను కింది చెక్కలోకి తీసుకెళ్ళింది. కోత బకెట్లు రెండు బోర్లించి, ఒకదాని మీద తను కూర్చుని రెండోదాని మీద నన్ను కూర్చోమంది. తిడుతుందనుకున్నాను. తన ఊరి సంగతి చెప్పింది. సముద్రం మధ్యలో అజోర్స్ అని దీవులట, ఎప్పుడూ వానే, ఇంటి కంచెలకి కూడా నీలం పూలు పూస్తాయట. ఇరవయ్యో ఏట పెళ్ళయి ఈ లోయకి వచ్చి, ఎండకి వాడిన పీచ్ మొక్కల్ని చూసి ఏడ్చి, భర్త ఊరెళ్ళినప్పుడు కాలవ నీళ్ళు మళ్ళించి మడుగు కట్టిందట. వేళ్ళు కుళ్ళి అరవై మొక్కలు చచ్చిపోయాయట. "వారం రోజులు నాతో మాట్లాడలేదు ఆయన" అని నవ్వింది. నవ్వుతూనే, లెటర్ నాగమణికిస్తున్నానని చెప్పింది. తోటకి ఆ పిల్ల కావాలి, నువ్వు ఎక్కడైనా బతకగలవు అంది. ఇందులో మొదటి సగం తప్ప ఆ రోజు నాకేమీ వినపడలేదు. పంట కోత అయిపోగానే సూట్‌కేసు సర్దుకుని బర్నబీ బస్సెక్కాను. గురువారం కాబట్టి మెట్ల మీద ఉప్పుచేప వాసన వస్తోంది. పైకి వెళ్ళి చెప్పకుండానే వచ్చేశాను.

తర్వాత నా బతుకు బాగానే గడిచింది. ఒక కంపెనీలో పేరోల్ పని, పీఆర్, పెళ్ళి, కూతురు, కిటికీలోంచి కొండ మీది యూనివర్సిటీ దీపాలు కనపడే అపార్ట్‌మెంట్. పండగలకి నాగమణి ఫోన్ చేసేది, నేను పొడిపొడిగా మాట్లాడేదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత ఆలివర్ మెయిన్ రోడ్డులో కారు నెమ్మదిగా పోనిస్తే, అప్పటి ఊరు కొంచెం కొంచెంగా తేలింది. మేం ఆదివారం పీచ్‌లు కొనే కొట్టు స్థానంలో అద్దాల టేస్టింగ్ రూమ్ ఉంది. వైన్ గ్లాసు పట్టుకున్న టూరిస్టులు కొండల వంక చూస్తూ, ఎంత బాగుందో అంటున్నారు. అప్పట్లో మాలాంటి స్టూడెంట్లు బస్‌స్టాపులో గుంపులుగా, ఒకరి లంచ్ డబ్బా ఒకరు వాసన చూసుకుంటూ ఉండేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరే కనిపించారు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో. నాకు అందని ఊరు నేను లేకుండానే మారిపోయినందుకు కూడా రోషం వచ్చింది.

ఖననం అయ్యాక అందరూ ఒలిండా ఆంటీ ఇంటికొచ్చారు. పోర్చుగీసు ముసలమ్మలు మూకుళ్ళతో వంటలు తెచ్చారు. కాల్గరీ కూతురు థెరీసా నన్ను చూసి, "కింది చెక్కని ముంచిన అమ్మాయివి నువ్వేనా?" అని గట్టిగా కౌగిలించుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందరికీ తెలుసు. ఏటా క్రిస్మస్‌కి తమవాళ్ళ భోజనాల దగ్గర, వాళ్ళ భాషలో, ఒలిండా ఆంటీ ఈ కథ చెప్పేదట. దీవి నుంచి తను వచ్చి పీచ్ మొక్కలు ముంచడం, కాలవ దేశం నుంచి నేను వచ్చి ద్రాక్ష ముంచడం, ఇద్దరం బకెట్ల మీద కూర్చోవడం. చెప్పిన ప్రతిసారీ నా గురించి ఏమైనా తెలిసిందా అని అడిగేదట. నాకు గర్వంతో కళ్ళు చెమర్చాయి. గుమ్మంలో ట్రే పట్టుకుని నాగమణి ఇదంతా వింటోంది. వంటింట్లో కప్పులు కడగడానికి ఇద్దరమే మిగిలినప్పుడు, నా వైపు చూడకుండా అడిగింది. "ఏ దీవి అక్కా?"

"అజోర్స్" అన్నాను. "నీకు చెప్పలేదా?"

"పన్నెండేండ్లు ఉంటిని, ఒక్కనాడు చెప్పలేదు. నాతో పనే మాట్లాడేది. మందు కొట్టినావా, తీగ కట్టినావా, అంతే. నీ వెనకాలైతే ప్రతి వరసా నడిచేది. చూపించి, తిట్టి, నవ్వి. నా వరసలోకి ఒక్కతూరి రాలేదు. నేనుండానా లేనా అని కూడా చూడలేదు." తుడిచిన కప్పు బోర్లించి ఇంకొకటి తీసుకుంది. "ఆ పొద్దు నీళ్ళ తప్పు నేనేంటికి నెత్తినేసుకుంటినో తెల్సా? నీ మీద ప్రేమతో అనుకుంటివా? ఒక్కసారన్నా నన్ను తిడ్తుందేమో అని. అది కూడా నువ్వే ఎత్తుకపోతివి."

నేను పైన ఒక మాట దాచాను. బకెట్ మీద కూర్చున్న రోజున ఒలిండా ఆంటీ ఇంకొకటి కూడా అంది. లెటర్ నాగమణికెందుకో చెబుతూ, "నా భర్త పనిచేసిన వరస కూడా నేను మళ్ళీ నడిచి చూసుకునేదాన్ని. ఈ పిల్ల చేసిన వరసని చూసుకోను. అక్కర్లేదు. బతుకులో అలాంటి మనిషి నాకు దొరకడం ఇదే" అంది. వెళ్ళి ఆ పిల్లకి చెప్పు, నాకు ఇలాంటివి చెప్పడం చేతకాదు అని కూడా అంది. నేను చెప్పలేదు. ఆ రోజు చెప్పలేదు, పండగ ఫోన్లలో చెప్పలేదు. మర్చిపోయానని అనను. ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

కప్పులు కడిగే సింకు దగ్గర, నీళ్ళు పారుతుండగా, చెప్పాను. మాట పొల్లుపోకుండా చెప్పాను. నాగమణి కుళాయి కట్టేసింది.

"ఎప్పుడనింది?"

"ఆ రోజే."

వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకుంది. "లాస్టు మూడు నెల్లు మంచంలో ఉండె అక్కా" అంది. "పూట పూటకీ సూపు తీసుకొచ్చి పక్కన పెట్టి పోతాంటిని. నేనంటే లెక్కలేదనుకుని, కూర్చుంటా ఉండలేదు. ఈ మాట తెలిసుంటే కూర్చుందును."

చేతులు తుడుచుకుని వెనక తలుపు తీసుకుని తోటలోకి వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే కనపడుతోంది, తను కట్టిన తీగల మధ్య, తన వరసలోనే, ఒక గుంజని పట్టుకుని నిలబడి ఉంది. భుజాలు కదులుతున్నాయి. వెళ్ళి పక్కన నిలబడాలి నేను. కుళాయి మళ్ళీ తిప్పి, మిగిలిన కప్పులు కడిగాను. నా మీద నాకు అసహ్యం వేసింది, అది నిజం. కానీ ఆ అసహ్యానికి అడుగున ఇంకొకటి ఉంది, అదీ రాయకపోతే ఈ రాసిందంతా అబద్ధమవుతుంది. అంత మాట ఒలిండా ఆంటీ దాని గురించి అంది, నా గురించి అనలేదు.